తినే వేళను బట్టి ఇన్సులిన్

సంపాదకుల వారికి,

నమస్కారం.

మీ పత్రిక ఆదివారం ఆరోగ్య పేజీలో భోజనానికి ముందు వేసుకునే ఇన్సులిన్ రకాల గురించి వచ్చిన వ్యాసం చదివాను. రెగ్యులర్ ఇన్సులిన్‌ను పాత తరమని, లిస్‌ప్రో, ఆస్పార్ట్, గ్లులైసిన్‌లను కొత్త తరమని, వాటికంటే వేగంగా పనిచేసేవాటిని నేటి తరమని మూడు గళ్లుగా విడదీసి చూపిన ఆ పట్టిక చూడగానే అర్థమయ్యేలా ఉంది. చిక్కు కూడా అక్కడే ఉంది. ఎడమ గడి నుంచి కుడి గడికి జరిగేకొద్దీ మందు మెరుగవుతుందన్న అభిప్రాయం పాఠకుడికి కలుగుతుంది. ఆ వారంలోనే మా దుకాణానికి వచ్చినవారిలో కొందరు, ‘పేపర్లో వేశారు కదండీ, మాకూ ఆ కొత్తది ఇవ్వండి’ అని అడిగారు. హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా మందుల దుకాణం నడుపుతున్న ఫార్మసిస్టుగా నాకు తెలిసినంతలో ఈ మందులను పోల్చవలసిన తీరు అది కాదు. రోగి ఏ వేళకు తింటాడు, ఏమి తింటాడు, తినే వేళ అతని చేతిలో ఉందా లేదా అన్నవి ముందు తేలితే, ఏ మందు అన్నది చాలావరకు దానంతట అదే తేలుతుంది. ఈ సంగతి వివరంగా చెప్పాలంటే లేఖ కొంత పెద్దదవుతుంది. మన్నించగలరు.

ఆ వ్యాసం చదవనివారి కోసం రెండు మాటలు. ఆరోగ్యంగా ఉన్న మనిషి క్లోమ గ్రంథి రాత్రింబవళ్లు కొద్దికొద్దిగా ఇన్సులిన్ విడుదల చేస్తూనే ఉంటుంది. అది కాక, కడుపులో అన్నం పడగానే ఒక్కసారిగా ఎక్కువ మోతాదులో వదిలి, రెండు మూడు గంటల్లో మళ్లీ తగ్గించుకుంటుంది. టైప్ 1 మధుమేహం ఉన్నవారికి ఈ రెండు పనులూ బయటినుంచి ఇచ్చే ఇన్సులినే చేయాలి. టైప్ 2 వారిలో మాత్రలు, రోజుకొకసారి వేసుకునే గ్లార్జిన్ వంటి దీర్ఘకాలిక ఇన్సులిన్ చాలనప్పుడు, అంటే పరగడుపు షుగరు అదుపులోకి వచ్చినా తిన్న తర్వాతి షుగరు, మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ దిగిరానప్పుడు, వైద్యులు భోజనపు ఇన్సులిన్ వైపు చూస్తారు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం మన దేశంలో మధుమేహం ఉన్నవారి సంఖ్యను 10 కోట్ల పైచిలుకుగా అంచనా వేసింది. వారందరూ ఇన్సులిన్ వాడకపోయినా, వాడేవారి ఇళ్లలో రోజూ రెండు మూడు పూటలా ఎదురయ్యే ప్రశ్న ఇది.

రెగ్యులర్ ఇన్సులిన్‌తో మొదలుపెడతాను. ఆక్ట్రాపిడ్, హ్యూమిన్సులిన్ ఆర్, ఇన్సుజెన్ ఆర్ వంటి పేర్లతో దొరికేది ఇదే. సీసాలో నీళ్లలా తేటగా ఉంటుంది. మన శరీరంలో తయారయ్యే ఇన్సులిన్‌కూ దీనికీ రసాయనికంగా తేడా లేదు. తేడా అంతా అది రక్తంలోకి చేరే దారిలో ఉంది. సీసాలో ఉన్నప్పుడు దీని అణువులు ఆరేసి చొప్పున జింకుతో కలిసి గుంపులు కట్టి ఉంటాయి. చర్మం కింద పడ్డాక ఆ గుంపులు విడిపోతే గాని అవి సులువుగా రక్తనాళాల్లోకి చొరబడలేవు. అందువల్ల పని మొదలుకావడానికి సుమారు అరగంట, ఉచ్ఛస్థాయికి చేరడానికి రెండు నుంచి నాలుగు గంటలు, పూర్తిగా సద్దుమణగడానికి ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. తినడానికి అరగంట ముందు వేసుకోమని చెప్పడం ఇందుకే. ఆ అరగంట పాటించకుండా కంచం ముందు కూర్చుని సూది వేసుకుంటే అన్నం ముందు వెళ్తుంది, మందు వెనకాల వస్తుంది. తిన్న రెండు గంటలకు చూస్తే షుగరు ఎక్కువగా ఉంటుంది, నాలుగైదు గంటల తర్వాత చూస్తే తక్కువగా ఉంటుంది. రెండు గంటల షుగరు పరీక్ష చీటీ మాత్రమే చూసిన వైద్యుడు యూనిట్లు పెంచుతాడు. ఆ పెంచిన యూనిట్లు మరుసటి వారం సాయంత్రం వేళ ఆ మనిషికి చెమటలు పట్టించి, చేతులు వణికించి, కళ్లు తిరిగేలా చేస్తాయి. ఈ వరస మా దుకాణం బల్ల వెనక నుంచి ఎన్నోసార్లు చూశాను. మందులో లోపం లేదు, వైద్యుడిలోనూ లేదు. మందుల చీటీ మీద ‘ఉదయం 10, రాత్రి 8’ అని యూనిట్లు రాసి ఉంటాయి గాని, ఎంత ముందు అన్నది రాసి ఉండదు.

రెగ్యులర్ ఇన్సులిన్‌కు ఉన్న రెండో స్వభావం దాని పొడవు. పొద్దున ఎనిమిదింటికి వేసుకున్న మందు మధ్యాహ్నం రెండింటికి కూడా కొంత ఒంట్లో ఉంటుంది. కాబట్టి పదకొండు గంటల ప్రాంతంలో ఏదో కొంత, గుప్పెడు ఉడికించిన శనగలో ఒక జామకాయో, తినవలసి వస్తుంది. ఎనిమిదిన్నరకు టిఫిను, పదకొండుకు ఏదో చిరుతిండి, ఒకటిన్నరకు భోజనం, రాత్రి ఎనిమిదింటికి జొన్నరొట్టె అన్న పద్ధతిలో ఇంటిపట్టున ఉండే పెద్దవారికి ఈ పొడవు ఇబ్బంది కాదు. నాకు తెలిసిన విశ్రాంత ఉద్యోగుల్లో కొందరు ఏళ్ల తరబడి ఇదే వాడుతూ షుగరును చక్కగా అదుపులో ఉంచుకున్నారు. కిడ్నీలు దెబ్బతిన్నవారి సంగతి వేరు. వారిలో ఇన్సులిన్ బయటికి పోవడమే ఆలస్యమవుతుంది గనుక ఈ పొడవు మరింత సాగి, అర్ధరాత్రి షుగరు పడిపోయే ప్రమాదం ఉంది.

ఇక లిస్‌ప్రో, ఆస్పార్ట్, గ్లులైసిన్. హ్యూమలాగ్, నోవోరాపిడ్, అపిడ్రా అన్న పేర్లు పాఠకులకు తెలిసే ఉంటాయి. మొదటిదైన లిస్‌ప్రోకు అమెరికాలో 1996లో అనుమతి వచ్చింది. ఇన్సులిన్ గొలుసులో ఒకటి రెండు అమైనో ఆమ్లాలను మార్చి వీటిని తయారుచేస్తారు. లిస్‌ప్రోలో బి గొలుసు 28, 29 స్థానాల్లో ఉన్న ప్రోలిన్, లైసిన్‌లను అటూ ఇటూ చేశారు. ఆస్పార్ట్‌లో 28వ స్థానంలోని ప్రోలిన్‌ను తీసి ఆస్పార్టిక్ ఆమ్లం పెట్టారు. అంతమాత్రంతోనే గుంపు కట్టే గుణం సడలిపోయి, చర్మం కింద పడగానే అణువులు విడిపోతాయి. పది, పదిహేను నిమిషాల్లో పని మొదలవుతుంది. ఒకటి రెండు గంటల్లో ఉచ్ఛస్థాయికి వెళ్తుంది. మూడు నుంచి ఐదు గంటల్లో ముగుస్తుంది. తినబోయే ముందు ఐదు, పది నిమిషాలకు వేసుకుంటే చాలు. ఎంత తింటారో ముందుగా చెప్పలేని పిల్లలకు, వాంతులతో ఉన్న గర్భిణులకు, ఆకలి నిలకడగా లేని ముసలివారికి, వైద్యుడు చెప్పినప్పుడు, తిన్న వెంటనే కూడా వేయవచ్చు. ‘అన్నం తిననని మొండికేస్తున్నాడు, సూది వేసేశాం, ఇప్పుడేం చేయాలి?’ అని ఫోను చేసే తల్లి భయం తెలిసినవారికి ఈ ఒక్క సౌకర్యం ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఈ సౌకర్యం షుగరు అంకెల్లో ఎంత కనిపిస్తుంది? ఈ ప్రశ్నకు మీ వ్యాసంలో జవాబు లేదు. వైద్య పరిశోధనలను గుదిగుచ్చి తూకం వేసే కాక్రేన్ సంస్థ రెగ్యులర్‌ను, లిస్‌ప్రో వంటి వేగవంతమైన రకాలను పోల్చి 2016లో టైప్ 1 పెద్దవారి మీద, 2018లో టైప్ 2 పెద్దవారి మీద సమీక్షలు ప్రచురించింది. టైప్ 1లో వేగవంతమైన ఇన్సులిన్ వాడినవారి హెచ్‌బీఏ1సీ సగటున 0.15 శాతం మేరకు తక్కువగా ఉంది. అది మేలే గాని చిన్న మేలు. టైప్ 2లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. దీని అర్థం ఈ మందులు అనవసరమని కాదు. సగటు లెక్క ఒక మనిషి దినచర్యను చూడదు. అరగంట ముందు వేసుకుని సమయానికి తినే మనిషికి రెగ్యులర్‌తో వచ్చే ఫలితం దాదాపు అదే. అరగంట నియమం పాటించలేని మనిషికి మాత్రం ఆస్పార్ట్‌తో వచ్చే ఫలితం వేరు. టైప్ 1 ఉన్నవారు, రాత్రిపూట షుగరు పడిపోతున్నవారు, కిడ్నీ జబ్బు ఉన్నవారు ఖరీదెక్కువైన ఈ రకాలకు ఖర్చు పెట్టుకోవడానికి బలమైన కారణాలున్నాయి. టైప్ 2 ఉండి, ఇంట్లో వేళకు తినే మనిషి ఇంటి బడ్జెట్ కోసుకుని మరీ మార్చుకోవడానికి అంత బలమైన కారణం నాకు కనిపించదు.

మా వీధి మలుపులో ఆటో స్టాండ్ ఉంది. అక్కడి డ్రైవర్ ఒకరు రెగ్యులర్ ఇన్సులిన్ సీసా కొనడానికి వచ్చినప్పుడు, అరగంట ముందు వేసుకుంటున్నారా అని అడిగాను. ‘అన్నా, నా తిండికి టైమ్ ఏడిది? గిరాకీ తగిల్తే మూడైతది, తగలకపోతే పన్నెండుకే తింట’ అన్నాడు. నాలుగు మాటల్లో అతను చెప్పిన ఈ సంగతి ఏ రక్తపరీక్షలోనూ రాదు. పొద్దున సూది వేసుకుని బయల్దేరి, మెహిదీపట్నం నుంచి ఉప్పల్ దాకా బేరం దొరికి, పన్నెండున్నరకు తినవలసిన టిఫిన్ డబ్బా మూడింటికి తెరిచే మనిషికి పొడవైన ఇన్సులిన్ ప్రమాదకరం. అతనికి అక్కరకు వచ్చేది కంచం ముందుకు వచ్చాక వేసుకోదగిన మందు. కాని అతనికి ఉచితంగా దొరికేది, కొనుక్కోగలిగేది రెగ్యులరే. జాతీయ అత్యవసర మందుల జాబితా 2022లో రెగ్యులర్, మెల్లగా పనిచేసే ఎన్‌పీహెచ్, ఆ రెండూ కలిసిన 30:70 మిశ్రమం, గ్లార్జిన్ ఉన్నాయి. తినే ముందు వేసుకునే వేగవంతమైన రకాలు అందులో లేవు. వేళకు తినే వీలున్న వారికంటే వేళ చేతిలో లేని కూలీలకు, డ్రైవర్లకు, రాత్రి షిఫ్టు కాపలాదారులకు వీటి అవసరం ఎక్కువ. కొనే స్తోమత ఉన్నది మాత్రం మొదటివారికి. మీ పత్రిక దృష్టి పెట్టవలసిన విషయం ఇదని నా అభిప్రాయం.

తిండి సంగతి మీ వ్యాసంలో ఒక్క వాక్యంతో ముగిసింది. నిజానికి పోలిక అంతా అక్కడే తేలుతుంది. వండిన తెల్లన్నం వంద గ్రాములలో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. మన ఇళ్లలో ఒక పూట కంచంలో పడేది మూడు వందల గ్రాములకు తగ్గదు. పప్పుచారు పోసుకుని మెత్తగా కలిపి తిన్న అన్నం త్వరగా అరిగి, షుగరును గంటలోపే పైకి లేపుతుంది. ఇటువంటి భోజనానికి వేగవంతమైన ఇన్సులిన్ చక్కగా సరిపోతుంది, రెగ్యులర్ అయితే అరగంట నియమం తప్పనిసరి. అదే మనిషి శుక్రవారం రాత్రి బిర్యానీ తిన్నాడనుకుందాం. అందులో అన్నంతో పాటు నెయ్యి, నూనె, మాంసం కూడా ఎక్కువే. కొవ్వు, మాంసకృత్తులు కడుపు ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తాయి గనుక షుగరు మెల్లగా లేచి మూడు నాలుగు గంటల తర్వాత కూడా పైకి పోతూనే ఉంటుంది. వేగవంతమైన ఇన్సులిన్ ఒకేసారి పూర్తి మోతాదులో వేసుకున్నవాడికి మొదటి గంటలో షుగరు పడిపోయి, అర్ధరాత్రి మూడు వందలు దాటడం ఇక్కడ అరుదు కాదు. అటువంటప్పుడు కొందరు వైద్యులు మోతాదును రెండుగా విడగొట్టి సగం తినే ముందు, మిగతా సగం ఒక గంట తర్వాత వేసుకోమంటారు. కొందరు ఆ పూటకు రెగ్యులరే నయమంటారు. పాత తరంది అనిపించుకున్న మందు బిర్యానీ ముందు పనికివస్తుందన్న సంగతి పట్టికలో ఇమడదు. చాలా ఏళ్ల మధుమేహంతో కడుపు నరాలు దెబ్బతిని తిన్నది నెమ్మదిగా కదిలేవారి విషయంలోనూ ఇదే జరుగుతుంది.

ఫంక్షన్ హాలు భోజనాల సంగతి కూడా చెప్పాలి. పిలుపు ఏడున్నరకు ఉంటుంది, వడ్డన పదింటికి మొదలవుతుంది. ఇంటి దగ్గర సూది వేసుకుని బయల్దేరిన పెద్దాయన వేదిక ముందు కుర్చీలో కూర్చుని స్పృహ తప్పడం మన నగరంలో పెళ్లిళ్ల సీజన్లో వినని కథ కాదు. రెగ్యులర్ వాడేవారైనా, వేగవంతమైనది వాడేవారైనా, విస్తరి ముందు కూర్చోబోయే సమయం ఖాయమయ్యాకే సూది వేసుకోవాలి. సూది సంచి వెంట తీసుకెళ్లడానికి మొహమాటపడి ఇంటి దగ్గరే కానిచ్చే అలవాటు మానుకోవాలి.

రంజాన్ నెల సంగతి ఇంకా సున్నితమైనది. పాతబస్తీలోనే కాదు, నగరమంతటా ఉపవాసం ఉండే మధుమేహులు ఉన్నారు. ఉపవాసం ఉండవచ్చునని వైద్యుడు అన్నవారి విషయంలో సాధారణంగా అనుసరించే పద్ధతి ప్రకారం మధ్యాహ్నం మోతాదు మానేసి, ఉపవాసం విడిచే ఇఫ్తార్ వేళ మామూలు మోతాదు, తెల్లవారుజామున తినే సహరీ వేళ నాలుగో వంతు నుంచి సగం దాకా తగ్గించిన మోతాదు ఇస్తారు. సహరీ వేళ వేసుకున్న రెగ్యులర్ మధ్యాహ్నం దాకా ఒంట్లో ఉంటుంది కనుక అక్కడ వేగవంతమైన రకం కొంత భద్రం. ఇఫ్తార్ ఖర్జూరంతో మొదలై, గంట రెండు గంటల తర్వాత హలీంతో సాగేవారికి మోతాదు ఎలా పంచుకోవాలన్నది నెల మొదలయ్యే ముందే వైద్యుడితో మాట్లాడుకోవలసిన విషయం. షుగరు 70 కంటే తగ్గితే ఉపవాసం విరమించి వెంటనే ఏదైనా తీపి తీసుకోవాలన్న నియమానికి మాత్రం మినహాయింపు లేదు.

ఇన్ని చెప్పాక, మన దగ్గర నిజంగా ఎక్కువమంది వాడుతున్నది ఈ రెండూ కాదన్న సంగతి మరచిపోకూడదు. రోజుకు రెండుసార్లు వేసుకునే 30/70 మిశ్రమమే అత్యధికం. మిక్స్‌టార్డ్ పేరు తెలియని ఇన్సులిన్ వాడకందారు ఉండడు. అందులో 30 వంతులు రెగ్యులర్, 70 వంతులు మెల్లగా పనిచేసే ఎన్‌పీహెచ్. పాలరంగులో ఉంటుంది కనుక వాడే ముందు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించి కలపాలి. రోజుకు రెండు సూదులతో సరిపోవడం దీని ఆకర్షణ. దీనితో మధ్యాహ్న భోజనానికి వేరే మందు ఉండదు. పొద్దున వేసుకున్న ఎన్‌పీహెచ్ మధ్యాహ్నానికి ఉచ్ఛస్థాయికి వస్తుందన్న ఆశ మీదే ఆ భోజనం ఆధారపడుతుంది. మన ప్రాంతంలో మధ్యాహ్న భోజనమే పెద్దది గనుక రెండింటికీ పొంతన కుదరక షుగరు ఎగుడుదిగుడు కావడం తరచు చూస్తాం. దీనికీ అరగంట నియమం వర్తిస్తుందని చాలామందికి తెలియదు. నోవోమిక్స్, హ్యూమలాగ్ మిక్స్ వంటివాటిలో మొదటి భాగం వేగవంతమైనది కనుక వాటికి అరగంట అక్కరలేదు. దీర్ఘకాలం పనిచేసే డెగ్లూడెక్, వేగవంతమైన ఆస్పార్ట్‌లు కలిసిన రైజోడెగ్‌ను రోజులో పెద్ద భోజనంతో ఒకసారి, అవసరమైతే రెండుసార్లు ఇస్తారు. పెద్ద భోజనం ఏదో రోగి సరిగా చెబితేనే ఇది అక్కరకు వస్తుంది.

మీ వ్యాసం ఎక్కువగా మెచ్చుకున్న నేటి తరం మందులు ఫియాస్ప్, లైమ్‌జెవ్‌ల గురించి నేను చెప్పగలిగింది తక్కువ. మొదటిది ఆస్పార్ట్‌కు విటమిన్ బి3 రకమైన నికోటినమైడ్ చేర్చినది. రెండోది లిస్‌ప్రోకు రక్తనాళాలను కొద్దిగా తెరిచే పదార్థం చేర్చినది. కొన్ని నిమిషాలు ముందుగా పని మొదలవుతుంది. తినడం మొదలుపెట్టిన ఇరవై నిమిషాల్లోపు కూడా వేసుకోవచ్చు. ఇన్సులిన్ పంపులు, నిరంతరం షుగరు కొలిచే పరికరాలు వాడుతూ గంట గంటా చూసుకునే టైప్ 1 వారికి ఆ కొద్ది నిమిషాలు ఉపయోగపడతాయి. రోజుకు ఒకసారి కూడా గ్లూకోమీటర్ ముట్టని టైప్ 2 వారికి ఏపాటి ఉపయోగమో పాఠకులే ఊహించుకోగలరు.

పీల్చే ఇన్సులిన్ గురించి మాత్రం మీ వ్యాసంలో ఉండవలసిన హెచ్చరిక లేకపోవడం నన్ను కలవరపెట్టింది. అఫ్రెజా అనే ఈ పొడి మందుకు అమెరికాలో 2014లో అనుమతి లభించగా, మన దేశంలో పెద్దవారి కోసం సిప్లా సంస్థకు 2024 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. సూది అంటే భయపడేవారికి ఇది ఆశ కలిగించే విషయమే. ఊపిరితిత్తుల నుంచి నేరుగా రక్తంలోకి వెళ్తుంది కనుక నిమిషాల్లో పని మొదలై, సూది మందుకంటే త్వరగా ముగుస్తుంది. కాని ఆస్తమా, సీఓపీడీ వంటి దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు దీన్ని వాడకూడదు. వారిలో శ్వాసనాళాలు ఒక్కసారిగా బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. పొగతాగేవారికి కూడా ఇది తగదు. మొదలుపెట్టే ముందు ఊపిరి పరీక్ష చేయించాలి. మృగశిర కార్తె వచ్చిందంటే చేప మందు కోసం నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానం దగ్గర బారులు తీరే ఉబ్బసం రోగులను చూసిన నగరంలో ఈ ఒక్క మాట పెద్ద అక్షరాలతో వేయవలసింది. దీర్ఘకాలిక ఇన్సులిన్‌కు ఇది బదులు కాదు. టైప్ 1 వారికి ఆ సూది ఎలాగూ తప్పదు. పీల్చే ఇన్సులిన్ రావడం ఇదే మొదటిసారి కూడా కాదు. 2006లో ఎక్స్యుబెరా అనే మందు మార్కెట్లోకి వచ్చి మరుసటి ఏడాదే కనుమరుగైంది.

ధర విషయంలో ఒక లెక్క మాత్రం చెబుతాను, ఎందుకంటే రోగులు పెట్టె ధర చూస్తారు గాని యూనిట్ ధర చూడరు. మన దేశంలో రెగ్యులర్, మిశ్రమం సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్ల బలంతో వస్తాయి. పది మిల్లీలీటర్ల సీసాలో 400 యూనిట్లు ఉంటాయన్నమాట. పెన్నులో వేసే మూడు మిల్లీలీటర్ల కార్ట్‌రిడ్జ్‌లో బలం మిల్లీలీటరుకు 100 కనుక 300 యూనిట్లు ఉంటాయి. రోజుకు 30 యూనిట్లు వాడేవారికి సీసా పదమూడు రోజులు, కార్ట్‌రిడ్జ్ పది రోజులు వస్తుంది. పెన్ను వాడిన ప్రతిసారీ గాలి పోవడానికి వదిలే రెండు యూనిట్లు కూడా లెక్క వేస్తే ఇంకా తక్కువే. వేగవంతమైన ఇన్సులిన్ యూనిట్ ధర రెగ్యులర్ సీసా మీద కొన్ని రెట్లు ఎక్కువ. ఈ తేడా నెల తిరిగేసరికి ఒక పేద కుటుంబం సరుకుల ఖర్చులో స్పష్టంగా కనిపిస్తుంది. మూడో వారంలో డబ్బు అయిపోయి మోతాదు సగానికి తగ్గించుకునేవారిని నేను ఎరుగుదును. సగం మోతాదు ఆస్పార్ట్ కంటే పూర్తి మోతాదు రెగ్యులర్ మేలని వారికి చెప్పే మనిషి ఉండాలి.

ఈ రెండు బలాల వల్ల ఇంకొక ప్రమాదం ఉంది. ఒకతను పెన్ను విరిగిపోయిందని, ‘రీఫిల్‌లోంచే సిరంజితో లాగి వేస్తాం, ఎర్ర మూత సిరంజి ఒకటి ఇవ్వండి’ అని అడిగాడు. ఎర్ర మూత సిరంజి 40 బలానికి కొలతలు వేసింది, నారింజ మూతది 100 బలానికి. 100 బలం ఉన్న కార్ట్‌రిడ్జ్‌లోంచి ఎర్ర మూత సిరంజితో 10 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 10 కాదు, 25 యూనిట్లు. ఇందుకు భిన్నంగా, 40 బలం సీసాలోంచి నారింజ మూత సిరంజితో 10 గీత దాకా లాగితే వెళ్లేది 4 యూనిట్లే. మొదటిది ఆ రాత్రే ప్రాణం మీదికి తెస్తుంది. రెండోది నెలల తరబడి షుగరు ఎందుకు దిగడం లేదో ఎవరికీ అంతుపట్టకుండా చేస్తుంది. పాత మందు నుంచి కొత్త మందుకు, సీసా నుంచి పెన్నుకు మారే సమయంలోనే ఈ పొరపాట్లు జరుగుతాయి. కొత్తదానికి మారమని సలహా ఇచ్చే ఏ వ్యాసంలోనైనా ఈ హెచ్చరిక ఉండి తీరాలి.

ఎండల సంగతి క్లుప్తంగా. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య, అంటే ఫ్రిజ్ తలుపు అరలో, ఉండాలి. గడ్డకట్టిన మందు పారేయవలసిందే. వాడుతున్న సీసాను 30 డిగ్రీల లోపు నాలుగు వారాలు బయట ఉంచవచ్చంటారు గాని, మే నెలలో మన రేకుల ఇళ్లలో ఆ ఉష్ణోగ్రత ఎక్కడిది? ఫ్రిజ్ లేనివారు తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో, మందు తడవకుండా డబ్బాలో పెట్టి ఉంచుకోవచ్చు. ఆటో డ్యాష్‌బోర్డులో, స్కూటర్ డిక్కీలో వదిలేసిన ఇన్సులిన్ ఏ తరానిదైనా పనిచేయదు.

నా విన్నపాలు కొన్ని. వైద్యులు చీటీలో యూనిట్ల పక్కన ‘తినడానికి అరగంట ముందు’ అనో, ‘తినబోయే ముందు’ అనో తెలుగులోనో ఉర్దూలోనో ఒక్క ముక్క రాయాలి. ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలో ఒక రోగికి దొరికే సమయం ఎంతో నాకు తెలుసు కనుక, ఆ ముక్కను రబ్బరు స్టాంపుగా చేయించి ఇచ్చినా చాలు. బస్తీ దవాఖానాల్లో మందు ఇచ్చే సిబ్బంది, మావంటి దుకాణదారులు పెట్టె మీద సమయం రాసి, సిరంజి మూత రంగు చూసి మరీ ఇవ్వాలి. రాష్ట్ర ప్రభుత్వం తన మందుల కొనుగోలులో, అందరికీ కాకపోయినా, టైప్ 1 పిల్లలకు, కిడ్నీ రోగులకు, వేళకు తినే వీలు లేని పనుల్లో ఉన్నవారికి వేగవంతమైన ఇన్సులిన్‌ను ఉచితంగా ఇచ్చే ఆలోచన చేయాలి. తమరు ఈ విషయం మీద మళ్లీ రాయించేటప్పుడు తరాల లెక్క పక్కనపెట్టి, ఏ మందు ఎంత ముందు వేసుకోవాలి, ఎంతసేపు ఒంట్లో ఉంటుంది, ఏ సిరంజితో తీయాలి, ఎవరికి తగదు అన్నవి చెప్పించవలసిందిగా కోరుతున్నాను.

పాఠకులకు కూడా ఒక మాట. ఈ లేఖ చదివి గాని, ఆ వ్యాసం చదివి గాని ఎవరూ సొంతంగా మందు మార్చుకోవద్దు. మార్పు అవసరమనిపిస్తే ఒక వారం పాటు తిన్న వేళ, సూది వేసుకున్న వేళ, తినకముందు షుగరు, తిన్న రెండు గంటలకు షుగరు, వీలైతే ఒకటి రెండు రాత్రులు మూడింటి షుగరు కాగితం మీద రాసుకుని, వాడుతున్న సీసా లేదా పెన్ను, సిరంజి, గ్లూకోమీటర్ అన్నీ ఒక సంచిలో వేసుకుని వైద్యుడి దగ్గరికి వెళ్లండి.

ఇట్లు
ఒక ఫార్మసిస్టు
చిక్కడపల్లి, హైదరాబాద్